మెరెర్ పద్దులు, స్ఫింక్స్‌కి పట్టిన చవుడు

రెండు నెలల కిందట ఈ శీర్షికలో ఒకరు గిజా పెద్ద పిరమిడ్ వయసెంతని అడిగారు. "క్రీ.పూ. 2560 ప్రాంతం, నాలుగో రాజవంశపు ఖుఫూ కాలం" అని ఒక్క వాక్యంలో రాశాను. దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. కొన్నింట్లో కోపం ఉంది, కొన్నింట్లో తెలుసుకోవాలన్న ఆత్రం ఉంది. ముప్ఫై ఏళ్లు డిగ్రీ కాలేజీలో జియాలజీ చెప్పాను. 2018 జనవరిలో మా అమ్మాయి పట్టుబట్టి తీసుకెళ్తే గిజాలో రెండు రోజులు ఆ రాళ్ల మధ్య తిరిగాను. అందుకే ఈ నెల పేజీలన్నీ ఈ ఒక్క విషయానికే ఇస్తున్నాను.

ప్రశ్న: మన గుళ్లలో ఎవరు కట్టించారో, ఎవరు ఎన్ని పుట్ల భూమి ఇచ్చారో రాతి మీద చెక్కించి పెట్టారు. అంత పెద్ద పిరమిడ్‌లో ఖుఫూ పేరుతో ఒక్క శాసనమూ లేదంటారు. మరి ఆయనే కట్టించాడని ఎలా నమ్మాలి?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీరు అడిగినట్టు దాన శాసనం లాంటిది లేదు, నిజమే. కానీ పేరు ఉంది. రాజుగారి గది అనే గ్రానైటు గదికి పైన, బరువు నేరుగా దాని కప్పు మీద పడకుండా ఐదు ఇరుకు అరలు కట్టారు. వాటిలో అన్నిటికంటే కిందిది 1765లోనే తెలుసు. పై నాలుగింటిలోకి దారి లేదు. 1837లో హోవార్డ్ వైజ్ అనే ఇంగ్లిషు ఆయన మందుగుండు పెట్టి పేల్చి లోపలికి వెళ్లాడు. (ఈ రోజుల్లో అయితే జైల్లో వేస్తారు, వేయాలి కూడా.) ఆ నాలుగు అరల్లోని రాళ్ల మీద ఎర్ర రంగుతో పనివాళ్లు వేసుకున్న గుర్తులున్నాయి. వాటిలో కూలీల ముఠాల పేర్లున్నాయి, ఆ పేర్లలో ఖుఫూ పేరు ఉంది.

ఆ రాతలు వైజే రాసుకున్నాడని 1980లో ఒక వాదం మొదలైంది. ఇప్పటికీ అది తిరుగుతూనే ఉంది. దీనికి జవాబు ఆ రాళ్లలోనే దొరుకుతుంది. కొన్ని గుర్తులు తలకిందులుగా ఉన్నాయి, కొన్ని పక్కకి తిరిగి ఉన్నాయి. కొన్ని రెండు రాళ్లు కలిసే సందులోకి, కుంచె పట్టని చోటికి వెళ్లిపోయాయి. అంటే రాయి క్వారీలో ఉండగానే గుర్తు వేశారు, తర్వాత ఎలా వీలైతే అలా తిప్పి పేర్చారు. పేర్చిన రాళ్ల మధ్యకి వెళ్లి రాయడం ఎవరి తరమూ కాదు.

అయినా ఈ గుర్తులు కూడా పక్కన పెడదాం. 2013లో ఎర్ర సముద్రం ఒడ్డున వాదీ అల్ జర్ఫ్ అనే చోట, పియెర్ తాలే అనే ఫ్రెంచి ఆచార్యుడి బృందానికి పపైరస్ కాగితాలు దొరికాయి. రాత ఉన్న పపైరస్‌లలో ఇప్పటికి తెలిసినంతవరకు ఇవే పాతవి. పడవల సామాను దాచుకునే గుహల్ని మూసిన బండల దగ్గర ఆ ముక్కలు ఇరుక్కుపోయి ఉన్నాయి. వాటిలో ఒకటి మెరెర్ అనే ఆయన రోజువారీ పద్దు. ఆయన హోదాని ఇంగ్లిషులో ఇన్‌స్పెక్టర్ అని అనువదిస్తున్నారు. నాకైతే మన ముఠా మేస్త్రీ అనే మాటే దగ్గరగా అనిపిస్తుంది. ఆయన కింద దాదాపు 40 మంది.

ఆ పద్దులో గొప్పలేమీ లేవు. ఫలానా రోజు తురా క్వారీలో రాళ్లు ఎక్కించాం. ఫలానా రోజు పడవలో బయలుదేరాం. రాత్రి ఖుఫూ చెరువు దగ్గర పడుకున్నాం. మర్నాడు అఖెత్ ఖుఫూ చేరాం. అఖెత్ ఖుఫూ అంటే ఖుఫూ దిగంతం, ఆ పిరమిడ్‌కి వాళ్లు పెట్టుకున్న పేరు. తురా నైలుకి అవతలి ఒడ్డున ఉంది. పిరమిడ్ పైపూతగా పరిచిన తెల్లటి సున్నపురాయి అక్కడిదే. పది రోజులకి రెండు మూడు ట్రిప్పులు వేసేవాళ్లు. పని మీద అధికారిగా అంఖ్‌హాఫ్ పేరు కూడా ఉంది. ఆయన ఖుఫూకి సవతి సోదరుడు. పశువుల లెక్కింపు పదమూడోసారి జరిగిన తర్వాతి ఏడాది అని తేదీ కూడా ఉంది. ఆ లెక్క రెండేళ్లకోసారి జరిగేది కాబట్టి ఖుఫూ పాలనలో 26, 27 ఏళ్ల దగ్గరి మాట. పైపూత రాయి మోస్తున్నారంటే పిరమిడ్ పని చివరికొచ్చిందన్నమాట.

ఆ కట్టలోనే తిండి సరఫరా లెక్కలు కూడా దొరికాయి. అందులో మూడు గడులు: రావాల్సింది, వచ్చింది, ఇంకా బాకీ. మా నాన్నగారు చీరాలలో నూలు కొట్లో గుమాస్తా. ఆయన చిట్టా పుస్తకం తెరిస్తే కూడా ఇవే మూడు గడులు ఉండేవి. కైరో మ్యూజియంలో అద్దం వెనక ఆ కాగితం ముందు నిలబడ్డప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. 4,500 ఏళ్ల కిందటి ఆ గుమాస్తా ఎవరో గానీ, బాకీ గడి దగ్గర గీత కూడా తిన్నగా గీసుకున్నాడు.

ప్రశ్న: స్ఫింక్స్ ఒంటి మీద ఉన్నవి వానకి పడ్డ చారలని అమెరికా జియాలజిస్టే చెప్పాడు. ఎడారిలో అంత వాన పడింది వేల ఏళ్ల కిందట కాబట్టి స్ఫింక్స్ పిరమిడ్లకంటే చాలా పాతదన్నాడు. మీరూ జియాలజీ వారే కదా, ఎందుకు ఒప్పుకోరు?
– ఒక రిటైర్డ్ ఉద్యోగి, ఒంగోలు

జవాబు: ఉత్తరాలన్నిటిలో నేను ఎక్కువ ఆలోచించింది దీని గురించే. ఆయన పేరు రాబర్ట్ షోక్, బోస్టన్ విశ్వవిద్యాలయం. 1991లో అమెరికా జియాలజిస్టుల మహాసభలో ఈ వాదం పెట్టారు, 1992లో చికాగోలో పురావస్తువారితో ముఖాముఖి వాదించారు. స్ఫింక్స్ క్రీ.పూ. 5000–7000 మధ్యదని అప్పట్లో అన్నారు, తర్వాత ఇంకా వెనక్కి, మంచుయుగం చివరి దాకా తీసుకెళ్లారు. చదువుకున్న మనిషి, కళ్లతో చూసి అడిగిన ప్రశ్న. వెక్కిరించి వదిలేయాల్సిన వాదం కాదు.

ముందు అక్కడ ఏముందో చెప్తాను. స్ఫింక్స్‌ని రాళ్లు పేర్చి కట్టలేదు. నేల రాతిలో చుట్టూ గొయ్యి తవ్వి, మధ్యలో మిగిలిన రాతిని మనిషి తల ఉన్న సింహంగా చెక్కారు. పొడవు 73 మీటర్లు, ఎత్తు 20. ఆ సున్నపురాయి మూడు రకాల పొరలుగా ఉంది. అడుగున గట్టిది, తల దగ్గర కాస్త గట్టిది, మధ్యలో ఒళ్లంతా మెత్తని పొర ఒకటి, గట్టి పొర ఒకటి. నేను ఉదయం తొమ్మిదికి దక్షిణం వైపు బాట మీద నిలబడి చూశాను. ఎండ ఏటవాలుగా పడుతోంది. మెత్తని పొరలు లోపలికి తినేసి ఉన్నాయి, గట్టి పొరలు ముందుకు పొడుచుకొచ్చి ఉన్నాయి, దుప్పట్ల దొంతర పక్కనుంచి చూసినట్టు.

ఇలా తినేసింది ఏమిటి? లూయివిల్ విశ్వవిద్యాలయం జియాలజిస్టు లాల్ గౌరి ఈ రాయిని ఏళ్ల తరబడి పరీక్షించి, ఉప్పు అన్నారు. ఆయన చెప్పింది సముద్రం దగ్గర పుట్టిన మనకి కొత్త కాదు. చీరాలలో మా ఇంటి వసారా గోడకి చవుడెక్కుతుంది. అడుగు నుంచి మోకాలెత్తు దాకా పెచ్చులూడిపోతాయి. చిన్నప్పుడు పొద్దున్నే ఊడ్చడం నా వంతు. చీపురు కింద తెల్లటి మెత్తటి పొడి కుప్ప పడేది, వేలితో తీసి నాలుకకి రాసుకుంటే ఉప్పగా ఉండేది. అది వసారా లోపలి గోడ. వాన జల్లు ఏనాడూ తగల్లేదు. రాతి లోపలున్న ఉప్పు రాత్రి మంచుకి కరుగుతుంది, పొద్దున ఎండకి ఆరి స్ఫటికంగా పెరుగుతుంది, పెరిగేటప్పుడు పై పొరని నెట్టి ఊడగొడుతుంది. స్ఫింక్స్ మెత్తని పొరల్లో జరుగుతున్నది ఇదే. ఇదేమీ వేల ఏళ్ల కిందట ఆగిపోయిన పని కూడా కాదు. 1988 ఫిబ్రవరిలో స్ఫింక్స్ కుడి భుజం నుంచి పెద్ద ముక్క ఊడి కిందపడింది.

ఇక షోక్ ఎక్కువగా చూపించింది ఒంటిని కాదు, గొయ్యి గోడల్ని. ముఖ్యంగా పడమటి గోడలో నిలువుగా, గుండ్రంగా జారిన గాడులు ఉన్నాయి. వాటిని చూస్తే ఎవరికైనా నీళ్లు గుర్తొస్తాయి, నాకూ వచ్చాయి. కానీ రాతిలో నిలువు పగుళ్లు గొయ్యి తవ్వకముందు నుంచే ఉంటాయి. భూగర్భ జలం లక్షల ఏళ్లుగా సున్నపురాతిని ఆ పగుళ్ల వెంట కరిగిస్తూ వస్తుంది. తవ్వినప్పుడు అవి బయటపడతాయి. పైగా నాలుగో రాజవంశం నాటికి వానలు తగ్గాయే గానీ పూర్తిగా పోలేదు. గిజాలో ఇప్పటికీ ఎప్పుడైనా కుండపోతగా ఒక వాన పడితే నీళ్లు పడమటి గట్టు నుంచి ఈ పల్లంలోకే దిగాలి.

కోలిన్ రీడర్ అనే బ్రిటిష్ జియాలజిస్టు ఇక్కడే ఒక మంచి పాయింటు పట్టుకున్నారు. ఖుఫూ క్వారీలు తవ్విన తర్వాత ఆ నీటి దారి తెగిపోయి ఉండాలి, కాబట్టి గొయ్యి అంతకుముందే ఉండాలి అంటారు. ఆయన లెక్కలో స్ఫింక్స్ ఇంకొన్ని శతాబ్దాలు పాతది, తొలి రాజవంశాల నాటిది. నేను ఆ మాట కూడా ఒప్పుకోను గానీ, అది వాదించుకోదగ్గ తేడా. కొన్ని వందల ఏళ్ల తేడా గురించి రాయిని అడగొచ్చు. ఆరేడు వేల ఏళ్ల తేడాకి గోడ మీద చారలు చాలవు.

స్ఫింక్స్‌ని చెక్కించింది ఖుఫూ కొడుకు ఖఫ్రే అని నేను మొగ్గడానికి కారణం చారలు కాదు. గొయ్యి తవ్వగా వచ్చిన రాళ్లతోనే స్ఫింక్స్ ముందున్న గుడి కట్టారు. ఏ బండ ఏ పొరలోంచి వచ్చిందో థామస్ ఐగ్నర్, మార్క్ లేనర్ పోల్చి చూశారు. ఆ గుడి పద్ధతి పక్కనే ఉన్న ఖఫ్రే లోయ గుడి పద్ధతే. ఖఫ్రే పిరమిడ్ నుంచి దిగే రాతిబాట గొయ్యి దక్షిణపు అంచుని ఒరుసుకుంటూ వస్తుంది. స్ఫింక్స్ గుడి పని మధ్యలో ఆగిపోయింది. ఒక రాజు పోయాక అతని పని ఆగిపోవడం మామూలే. ఇంతా చెప్పి ఒక మాట దాచడం ధర్మం కాదు. స్ఫింక్స్‌ని ఎవరు చెక్కించారో చెప్పే ఆ కాలపు రాత ఒక్కటీ లేదు. రైనర్ స్టాడెల్‌మన్ లాంటి పెద్దవారు ఖఫ్రే కాదు, ఖుఫూయే అన్నారు. ఆ వాదన తండ్రీకొడుకుల మధ్యది.

ప్రశ్న: ఖుఫూ కాలానికే స్ఫింక్స్ ఉందని ఒక శిలాఫలకం చెబుతోందట. దాన్ని ఎందుకు దాస్తున్నారు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఎవరూ దాచలేదమ్మా. 1858లో మారియెత్ అనే ఫ్రెంచి పురావస్తు పండితుడు తవ్వించాడు, దాని పేరు ఇన్వెంటరీ ఫలకం. ఖుఫూ వచ్చేసరికే ఐసిస్ అనే దేవత గుడి, స్ఫింక్స్ ఉన్నాయని అందులో ఉంది. కానీ అది చెక్కింది 26వ రాజవంశం కాలంలో, ఖుఫూ తర్వాత దాదాపు 1900 ఏళ్లకి. అందులో ఐసిస్‌ని పిరమిడ్ల అధిదేవత అన్నారు. ఖుఫూ కాలపు రాతల్లో ఆ బిరుదు ఎక్కడా లేదు. మన గుళ్ల స్థలపురాణాలు మీకు తెలుసు. స్వామిని త్రేతాయుగంలో రాములవారు ప్రతిష్ఠించారని ఉంటుంది. భక్తితో చదువుకుంటాం, గుడి ఏ శతాబ్దిదో తెలుసుకోవాలంటే స్తంభాన్నీ శాసనాన్నీ చూస్తాం. ఆ ఫలకం ఐసిస్ గుడి స్థలపురాణం.

ప్రశ్న: పిరమిడ్‌లో దొరికిన కర్రకి కార్బన్ పరీక్ష చేస్తే 500 ఏళ్లు ఎక్కువ వచ్చిందని చదివాను. అంటే పుస్తకాల్లో తేదీ తప్పే కదా?
– ఒక బీఎస్సీ విద్యార్థిని, వరంగల్

జవాబు: మంచి ప్రశ్న. దీని వెనక చక్కటి కథ ఉంది. 1872లో వేన్‌మన్ డిక్సన్ అనే ఇంజినీరుకి రాణిగది అనే గదిలోని సన్నటి సొరంగాల్లో మూడు వస్తువులు దొరికాయి: ఒక రాతి బంతి, ఒక రాగి కొక్కెం, ఒక దేవదారు కర్ర ముక్క. మొదటి రెండూ బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. కర్ర 1946లో అబర్డీన్ విశ్వవిద్యాలయానికి వెళ్లి అక్కడ కనిపించకుండా పోయింది. 2019 చివర్లో అబీర్ ఎలదానీ అనే ఈజిప్టు ఆవిడ అక్కడి ఆసియా వస్తువుల మధ్య ఒక చుట్టల డబ్బా చూసింది. మీద ఈజిప్టు పాత జెండా బొమ్మ. ఈ డబ్బాకి ఆసియా వస్తువుల్లో ఏం పని అనుకుని తెరిచింది. లోపల ఆ కర్ర చీలికలు.

పరీక్షలో క్రీ.పూ. 3341–3094 అని వచ్చింది. కార్బన్ పరీక్ష చెప్పేది ఆ కర్ర చెట్టుగా పెరిగిన కాలం. దాన్ని నరికి వాడిన రోజు అది చెప్పదు. దేవదారు వందల ఏళ్లు బతుకుతుంది, దాని నడిమి చేవ బతికుండగానే పాతబడిపోతుంది. పైగా ఈజిప్టులో మంచి కలప దొరకదు, లెబనాన్ నుంచి తెచ్చుకోవాలి. తెచ్చుకున్నది పారేయకుండా మళ్లీ మళ్లీ వాడతారు. మన వైపు పాత ఇల్లు పడగొట్టి తాతగారి నాటి టేకు తలుపులు కొత్తింటికి బిగించుకుంటారు. ఆ తలుపుని పరీక్షిస్తే ఇంటి వయసు చెబుతుందా?

గారలో ఇరుక్కున్న బొగ్గు ముక్కల్ని 1984లో పరీక్షిస్తే సగటున 370 ఏళ్ల దాకా ఎక్కువ వచ్చింది, 1995లో ఇంకా ఎక్కువ నమూనాలతో చేస్తే ఆ తేడా 100–200 ఏళ్లకి దిగింది. అది కూడా పాత కర్ర కాల్చినందువల్లే. అందుకే 2010లో ఆక్స్‌ఫర్డ్ బృందం కలప వదిలేసింది. గింజలు, రెల్లు, బుట్టల అల్లిక లాంటి ఒక్క ఏడాదిలో పెరిగి పోయే మొక్కల నమూనాలే 200కి పైగా తీసుకుంది. మెట్ల పిరమిడ్ కట్టించిన జోసెర్ గద్దెనెక్కింది క్రీ.పూ. 2691–2625 మధ్య అని తేలింది. రాజుల వరసని బట్టి చరిత్రకారులు ముందే వేసుకున్న లెక్కకి అది సరిపోయింది. ఖుఫూ జోసెర్ తర్వాతివాడు. ఇంకో మాట. ఆ 500 ఏళ్లనీ యథాతథంగా తీసుకున్నా, పదివేల ఏళ్లనేవారికి అది ఏ సాయమూ చేయదు.

ప్రశ్న: టర్కీలో గోబెక్లి తెపె బయటపడేదాకా 11,500 ఏళ్ల కిందట రాతి స్తంభాలు నిలబెట్టారంటే ఎవరూ నమ్మలేదు. రేపు ఈజిప్టులోనూ అలాగే తేలదా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తేలితే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు. కానీ గోబెక్లి తెపెని ఎందుకు నమ్మామో చూడండి. 1995 నుంచి క్లౌస్ ష్మిట్ బృందం తవ్వితే స్తంభాలతోపాటు చెకుముకి రాతి పనిముట్లు, తిని పారేసిన జింక ఎముకలు గుట్టలుగా దొరికాయి. ఆ మనుషుల చెత్త దొరికింది, చెత్తకి తేదీ దొరికింది.

ఈజిప్టులో కూడా పిరమిడ్లకంటే చాలా పాత చెత్త దొరక్క కాదు. ఫయూమ్ దగ్గర 1920లలో గెర్ట్రూడ్ కేటన్ థామ్సన్ తవ్వకాల్లో క్రీ.పూ. 4500 ప్రాంతపు ధాన్యం పాతర్లు బయటపడ్డాయి. గడ్డి చాపలు లోపల పరిచి, మట్టి మెత్తి, గింజ పోసుకున్న పాతర్లు. చాప అల్లిక కూడా చెడలేదు. ఆరున్నర వేల ఏళ్ల కిందటి గడ్డి చాపని అలా దాచిపెట్టిన నేల, 73 మీటర్ల సింహాన్ని చెక్కిన నగరం నుంచి ఒక్క కుండ పెంకైనా, ఒక్క పొయ్యి రాయైనా మిగల్చకుండా ఎలా మింగేస్తుంది? వందల మంది శిల్పులు, వాళ్లకి వండిపెట్టేవాళ్లు, ఉలికి పదును పెట్టేవాళ్లు ఉండాలి కదా. వాళ్లు ఎక్కడ?

ప్రశ్న: ఖఫ్రే పిరమిడ్ కింద అరకిలోమీటరు లోతున స్తంభాలు, నగరం ఉన్నాయని వాట్సాప్‌లో వీడియో వచ్చింది. నిజమేనా?
– ఒక గృహిణి, విజయనగరం

జవాబు: నమ్మకండి. 2025 మార్చిలో ఇటలీలో ఒక బృందం ప్రెస్‌మీట్ పెట్టి ప్రకటించింది. ఉపగ్రహ రాడార్ తరంగాలు గట్టి రాతిలో వందల మీటర్లు దిగవు. అదే 2017లో పెద్ద పిరమిడ్‌లో కనీసం 30 మీటర్ల ఖాళీ ఉందన్నప్పుడు మూడు వేరువేరు పద్ధతుల్లో చూసి చెప్పారు. ఉత్తరపు ముఖం వెనక దారి ఉందని కూడా ముందు అలాగే అన్నారు. తర్వాత రాళ్ల సందులోంచి సన్నటి కెమెరా పంపి, 9 మీటర్ల ఆ దారిని 2023లో అందరికీ చూపించారు.

ప్రశ్న: మేడమ్, పిరమిడ్లు గ్రహాంతరవాసులు కట్టారని మా అన్నయ్య రోజూ వాదిస్తాడు. నేను ఏం చెప్పాలి?
– ఇంటర్ మొదటి సంవత్సరం విద్యార్థి, నంద్యాల

జవాబు: బాబూ, ముందు వంకర పిరమిడ్ ఫొటో చూపించు. ఖుఫూ తండ్రి స్నెఫ్రూ దహ్‌షూర్‌లో కట్టించాడు. కింద 54 డిగ్రీల వాలుతో మొదలుపెట్టారు, సగం ఎత్తుకి వచ్చేసరికి రాళ్లు కుంగి పగుళ్లిస్తున్నాయి, పైన 43 డిగ్రీలకి తగ్గించేశారు. నడుము దగ్గర వంగినట్టు ఇప్పటికీ కనిపిస్తుంది. తర్వాత అదే రాజు ఎర్ర పిరమిడ్‌ని మొదటి నుంచీ 43 డిగ్రీలకే కట్టించాడు. ఆ తర్వాతే కొడుకు పెద్దది కట్టాడు. తప్పు చేసి, భయపడి, సరిదిద్దుకుని, నేర్చుకున్న వరస అది. పనివాళ్లు చేసే పని అలాగే ఉంటుంది.

తర్వాత గుర్రం సంగతి చెప్పు. 1990లో స్ఫింక్స్‌కి దక్షిణంగా ఎడారిలో ఒక గుర్రం కాలు దేనికో తగిలి తూలింది. చూస్తే ఇసుకలోంచి పైకి వచ్చిన మట్టి ఇటుకల గోడ. తవ్వితే పిరమిడ్ పనివాళ్ల సమాధులు. జాహీ హవాస్ బృందం వాటిని తవ్వింది. కాస్త కిందుగా మార్క్ లేనర్ బృందం వాళ్లు బతికిన ఊరే తవ్వి తీసింది: రొట్టె కాల్చే మూసలు, పశువుల, గొర్రెల, మేకల ఎముకలు. కొరడా దెబ్బలు తినే బానిసలకి అంత మాంసం పెట్టరు, రాజు పిరమిడ్ పక్కన సమాధి ఇవ్వరు.

ఆ ఎముకల్ని వైద్యులు పరీక్షించారు. బరువులు మోసి మోసి నడుం వెన్నుపూసలు అరిగిపోయి ఉన్నాయి, ఆడవాళ్లవి కూడా. కొందరి చేతి ఎముకలు విరిగి, మళ్లీ తిన్నగా అతుక్కున్నాయి. విరిగిన చెయ్యి తిన్నగా అతకాలంటే ఎవరో బద్దలు పెట్టి కట్టు కట్టాలి, అది అతికేదాకా ఆ మనిషికి పని చెప్పకుండా కూర్చోబెట్టి అన్నం పెట్టాలి.